తొలి బిందె

శనివారం తెల్లవారుజామున ఐదు గంటల పది నిమిషాలకు మా కొళాయిలో నీళ్ళు వచ్చాయి. ముందు గాలి బుస్సుమంది. తరువాత తుప్పు రంగు నీళ్ళు కాసిని దగ్గినట్టు పడ్డాయి. ఆ తరువాత సన్నటి ధార మొదలైంది. మా పేట బతు బస్తీలో చాలాకాలం ఉన్నవాళ్ళు ఈ చప్పుడును నిద్రలో కూడా పోల్చుకుంటారు. నేను నిద్రలో లేను. ఆ సాయంత్రం మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక ఉంది. వానాకాలం చివర్లో పోయిన మా మేనత్త జీవితం కోసం సంఘమంతా కూడి దేవునికి కృతజ్ఞత చెప్పడానికి పెట్టుకున్న కూడిక. అందరి ముందూ లేచి నిలబడి ఆ మాట చెప్పవలసినది నేను. మా పాస్టర్ గారు కుర్రవాడు, మంచివాడు. ముందురోజు ఫోన్ చేసి, "అంకుల్, ఎక్కువ వద్దు, ఐదు నిమిషాలు చాలు. దేవుడు ఆమెను మనకు ఇచ్చినందుకు థాంక్స్ చెప్పండి, అంతే," అన్నారు. ఇచ్చినందుకు చెప్పమంటే చెప్పగలను. తీసుకున్నందుకు కూడా అదే నోటితో చెప్పాలన్నది ఆ మాటలోనే ఉంది. అది నాకు రావడం లేదు. వారం రోజులుగా కాగితం మీద రాస్తున్నాను, కొట్టేస్తున్నాను. చాలా పుస్తకాలు చదివినవాడికి ఇలాంటి పని మరీ కష్టం. ఏ వాక్యం రాసినా ఎవరో ఒకరు అంతకుముందే అన్నట్టుంటుంది.

అందుకని లేచి కొళాయి దగ్గరికి వెళ్ళాను. అక్కడ నాకు పనేమీ లేదు. మోటారు దానంతట అదే తిరిగి నీళ్ళను పైనున్న ట్యాంకులోకి ఎక్కిస్తుంది. అయినా అటక మీదున్న అత్త ఇత్తడి బిందెను దించి, దుమ్ము కడిగి, ధార కింద పెట్టాను. నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

"ట్యాంకు నిండుతోంది కదండీ, మళ్ళీ బిందె ఎందుకు?"

"ఊరికే," అన్నాను.

"ఊరికే అయితే పాల గిన్నె ఖాళీగానే ఉంది, దాన్నీ పట్టండి," అని వెళ్ళిపోయింది. ఆమెకు తెలియక కాదు. నన్ను కదిలిస్తే ఏమవుతుందోనని ఆ మాట అంది.

మా అమ్మా నాన్నా మాయాబందర్‌లో ఉండేవాళ్ళు. చదువు కోసం నన్ను పోర్ట్‌బ్లెయిర్‌లో అత్త దగ్గర పెట్టారు. చదువు అయింది, ఓడల ఆఫీసులో ఉద్యోగం వచ్చింది, పెళ్ళి అయింది, నేను మాత్రం అత్త ఇల్లు వదిలి వెళ్ళలేదు. ఆమెకు పిల్లలు లేరు. ఆమె తండ్రి శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చినవాడు. ఆమె ఈ దీవుల్లోనే పుట్టినా తండ్రి మాటలను చివరిదాకా వదల్లేదు. మాటలకైతే తండ్రి పోలిక ఉందిగాని, ఆ కాలూ చెయ్యీ నిలవకపోవడం ఎవరి పోలికో తెలియదు. భక్తిపరులంటే ప్రశాంతంగా ఉంటారని చాలామంది అనుకుంటారు. మా అత్త ప్రార్థనలో కళ్ళు మూసుకుని కూడా ఒక చేత్తో కింద పరిచిన చాప అంచును పీకుతూ ఉండేది.

ఆరాధనలో సాక్ష్యాల వేళ వస్తే ఆమె తీరు మరీ విడ్డూరం. మిగతా ఆడవాళ్ళు లేచి, జ్వరం తగ్గిన సంగతి, అల్లుడికి బదిలీ ఆగిన సంగతి, ఓడలో బెర్తు దొరికిన సంగతి మొదటి నుంచీ చివరిదాకా చెప్పేవాళ్ళు. ఒకావిడ తన పంటి నొప్పి గురించి చెప్పిన సాక్ష్యంలో పన్ను ఊడేసరికి సగం మంది ఆవలిస్తున్నారు. అత్త వంతు వస్తే లేచేది. "దేవునికి స్తోత్రం," అనేది. కూర్చునేది. ఏదో చెబుతుందని అందరూ ఇంకా ఆమె వైపే చూస్తుండగానే చాప అంచును పీకడం మొదలుపెట్టేది. ఇంటికొచ్చాక ఆమె భర్త, మా మామయ్య, ఏడిపించేవాడు. "దేవుడు నీకు చేసిందంతా అంతేనేటే?" అనేవాడు. "నోటితో సెప్పేది గాలికి పోద్ది. చేత్తో చెయ్యాల," అనేది ఆమె, చీపురు అందుకుంటూ.

చేత్తో చెయ్యడం ఎలా మొదలైందో నాకు బాగా గుర్తుంది. మా సంఘంలో ఏటా కోత పండుగ చేస్తారు. పొలాలున్నవాళ్ళు తొలి గుమ్మడికాయ, కొబ్బరి తోట ఉన్నవాళ్ళు తొలి గెల, కోళ్ళున్నవాళ్ళు ఒక పుంజు, ఇలా ప్రథమ ఫలంగా తెచ్చి బల్ల ముందు పెడతారు. మాకు పొలం లేదు. ఇంటి చుట్టూ చీర ఆరేసుకునేంత జాగా తప్ప వేరే నేల లేదు. ఒక ఏడాది అత్త బజారులో కొన్న కాయలు పట్టుకెళ్ళి, ఇంకొకరి తోటలో కాసింది నా ప్రథమ ఫలం ఎలా అవుతుందని దారి పొడుగునా నసిగింది. ఆ పండుగ అయ్యాక అప్పటి పెద్ద పాస్టర్ గారి దగ్గరికి తిన్నగా వెళ్ళి, "అయ్యగారూ, మా ఇంటికి పైనుంచి వచ్చేది కొళాయి నీళ్ళొక్కటే. నీళ్ళు పనికొత్తాయేటి?" అని అడిగింది. ఆయన నవ్వాపుకుంటూ, "ఎందుకు పనికిరావమ్మా? గుడికి తేకు. ఎవరికి లేవో వాళ్ళకు ఇయ్యి, దేవునికి చేరినట్టే," అన్నారు. ఆ మాటతో ఆ విషయం ముగిసిందని ఆయన అనుకుని ఉంటారు.

ఆ రోజుల్లో ఎండాకాలం వస్తే మా వీధికి నీళ్ళు రోజు విడిచి రోజు కూడా వచ్చేవి కావు. వచ్చినా ఎంతసేపు ఉంటాయో తెలియదు. అలాంటి నీళ్ళలో తొలి బిందెను దేవుడిదిగా తీసి పెట్టాలని అత్త నిర్ణయించింది. ఇక్కడొక చిక్కు వచ్చింది. పైపులైను మా ఇంటితో ఆగిపోయింది. మా వీధిలో కొళాయి లేని ఇల్లు ఒకే ఒక్కటి, మా కంచె కింద పల్లంలో ఉన్న ఇల్లు. ఆ ఇంటావిడా తెలుగు మనిషే. భర్త చాతం రంపపు మిల్లులో పనిచేసేవాడు. ఆమెకూ మా అత్తకూ మాటల్లేవు. అత్త ప్రభువు బల్ల ఆదివారం కట్టుకునే తెల్ల చీరను కంచె మీద ఆరేస్తే, ఆమె మేక అంచు మొత్తం నమిలేసింది. అడగబోతే, "మేకకు అందేటట్టు ఎవరు ఆరేయమన్నారు?" అందట. అప్పటి నుంచి కంచెకు అటూ ఇటూ ఇద్దరూ దగ్గడం కూడా ఒకరికొకరు వినబడేలా దగ్గేవాళ్ళు కారు.

"ఇంకో వీధిలో ఎవరైనా దొరుకుతారు లేవే," అన్నాడు మామయ్య.

"దగ్గర్లో లేనోళ్ళుండగా దూరం మోసుకెల్తే దేవుడు నవ్వడా?" అంది అత్త. ఆ రోజంతా గిన్నెలు మామూలు కంటే గట్టిగా మోగాయి.

అలా మొదలైంది. నీళ్ళొచ్చిన ప్రతిసారీ తొలి బిందెను చంకనెత్తుకుని వెళ్ళి, కంచె సందులో ఉన్న బల్లపరుపు రాయి మీద దింపి, బిందె మెడ మీద చేతి గాజుతో టంగుమని కొట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసేది. సాయంత్రానికి ఖాళీ బిందె అదే రాయి మీద బోర్లించి ఉండేది. దాన్ని కింది ఇంటావిడ చింతపండుతో తోమి, మొహం కనబడేటట్టు చేసి పెట్టేది. "సూశావా, మనకి తోమడం చేతకాదని ఎత్తిపొడుపు," అనేది అత్త. ఒక్క మాట లేకుండా ఏళ్ళ తరబడి ఇద్దరూ ఇచ్చుకున్నారు, పుచ్చుకున్నారు. ఒకసారి మాత్రం తిరిగొచ్చిన బిందె మెడ దగ్గర చిన్న కుంకుమ బొట్టు ఉండిపోయింది. తోమడంలో తప్పిపోయి ఉంటుంది. కింది ఇంటావిడ అమ్మవారి భక్తురాలని వీధికంతా తెలుసు. అత్త ఏమంటుందోనని చూశాను. బొటనవేలితో ఆ బొట్టు తుడిచి, బిందెను లోపల పెట్టి, బియ్యం ఏరడానికి కూర్చుంది.

ఆ తరువాత ఒక ఎండాకాలం మామయ్య కాలికి పుండు లేచింది. చక్కెర జబ్బు మనిషి. ఆసుపత్రిలో కొన్నాళ్ళుంచి, రోజూ కాచిన నీళ్ళతో కడిగి కట్టు మార్చమని చెప్పి ఇంటికి పంపారు. నీళ్ళకు ఎన్నడూ లేనంత కటకట. ఇంట్లో ఉన్నవన్నీ అడుగంటాయి. ఆ రోజు పొద్దున్న కొళాయి వచ్చింది. ఒక్క బిందె నిండింది, ధార ఆగిపోయింది. అత్త బిందెను చంకనెత్తుకుంది.

"అత్తా, మామయ్య కాలు కడగాలి."

"తెలుసు."

"ఇంక రావు. ఆగిపోయింది."

"అదీ తెలుసు. నువ్వు కాసేపు నోరు ముయ్యి బాబూ, నాకు బుర్ర తిరుగుతంది."

కంచె దాకా వెళ్ళింది. తిరిగి గుమ్మం దాకా వచ్చింది. మళ్ళీ కంచె దాకా వెళ్ళింది. నీళ్ళు బిందె అంచుకు కొట్టుకుంటున్నాయి. లోపల మంచం మీద నుంచి మామయ్య, "ఏటే, బిందెకి ఊరేగింపా? అటో ఇటో దింపు," అని అరిచాడు. అత్త చివరికి రాయి మీద దింపింది. గాజుతో కొట్టలేదు. కొట్టకపోయినా కింది ఇంటావిడ వచ్చేసింది. మా కొళాయి ఎప్పుడు ఆగిందో ఆమెకూ తెలుసు. మేక గొడవ తరువాత మొదటిసారి నోరు విప్పింది.

"నీకు మతి గాని పోయిందా? ఇంట్లో పుండుతో మనిషిని పెట్టుకుని నాకు నీళ్ళు పోస్తావా?"

"నీకెవరు పోసేరు? దేవుడికి పోసేను."

"అయితే మీ దేవుడికే చెప్పు, వాపస్ లే జాయే, తిరిగి పట్టుకుపొమ్మను. నేను ముట్టను."

"నా చీర నీ మేక ముట్టింది గాని, నా నీళ్ళు నువ్వు ముట్టవేటి?"

"మేక చచ్చి ఎన్నాళ్ళైందే, ఇంకా చీరేనా!"

"ఆ బిందె ఇలా లోపల పెట్టేసి, మీరిద్దరూ పొద్దుగూకేదాకా కొట్టుకోండి," అన్నాడు మామయ్య. "ఒలికిందో, ఒంటికాలితో వచ్చేస్తాను."

కింది ఇంటావిడ విసురుగా వెళ్ళి చెంబు తెచ్చింది. బిందెలో ముంచి, చెంబెడు తీసి పక్కన పెట్టింది. "ఇదిగో, తీసుకున్నాను. ఇప్పుడు ఈ బిందె నీళ్ళన్నీ నావి. నా నీళ్ళు నేను లోపలున్న భయ్యాకి ఇచ్చుకుంటాను. మధ్యలో నువ్వెవరివి?" అని, బిందెను తన చంకకెత్తుకుని, కంచె దాటి, మా వంటింట్లోకి నడిచి, పొయ్యి మీద గిన్నెలోకి వంచింది. ఆమె మా ఇంట్లో అడుగు పెట్టడం నేను చూడటం అదే మొదలు. అత్త కంచె దగ్గర ఉత్త చేతులతో నిలబడిపోయింది. ఆ రోజంతా ఆమెకు ఏమీ తోచలేదు. "దేవుడికిచ్చింది దేవుడే తిరిగిచ్చేడా, లేకపోతే ఇది ఎత్తుకొచ్చిందా?" అని మామయ్యను పట్టుకుని అడిగింది. "నీళ్ళు కాగాయా, అది చూడు ముందు," అన్నాడు ఆయన.

వానలు రాకముందే మామయ్య పోయాడు. భూస్థాపన అయిన మర్నాటి పొద్దున్న కొళాయి వచ్చింది. ఇల్లంతా బంధువులు నేల మీద పడుకుని ఉన్నారు. అందరి మధ్య నుంచీ అత్త లేచి వెళ్ళి బిందె పెట్టింది. ఆమె ఏం చేస్తుందోనని నేను పడుకున్నచోటి నుంచే చూస్తున్నాను. ఈ మనిషి ఇప్పుడు దేనికని స్తోత్రం చెబుతుంది? నిండిన బిందె ముందు చాలాసేపు నిలబడింది. తరువాత ఎత్తుకుంది. కంచె దగ్గర కింది ఇంటావిడ ముందుగానే వచ్చి నిలబడి ఉంది.

"ఈరోజు వద్దు దీదీ," అంది మెల్లగా.

"ఈరోజు మానేత్తే ఇంకెప్పుడూ పొయ్యలేను. పట్టు."

వెనక్కి వచ్చి నా పక్కన గోడకానుకుని కూర్చుంది. నేను మెలకువగానే ఉన్నానని ఆమెకు తెలుసు. "ఇచ్చేసేను," అంది. కొంగుతో తడి చెయ్యి తుడుచుకుని, "మనసులో నేదు. అయినా ఇచ్చేసేను," అంది. చెయ్యి చాప అంచును పీకుతూనే ఉంది. విశ్వాసం గురించి నేను ఆ తరువాత చాలా చదివాను. ఆ పొద్దుటి మాటను నా చదువు దాటలేదు, వివరించనూ లేదు.

తరువాత కింది ఇంటికీ కొళాయి వచ్చింది. ఆ తరువాత ఆమె భర్త పోయాడు, సముద్రపు పాయకు అవతలున్న బాంబూఫ్లాట్‌కు, కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. అత్త తొలి బిందెతో మేస్త్రీల షెడ్డుకూ, టీ కొట్టుకూ తిరిగింది. ఇంటింటికీ ప్లాస్టిక్ ట్యాంకులు వచ్చాక ఆమె పని మరీ కష్టమైపోయింది. పక్కింటివాళ్ళు ఎప్పుడు ట్యాంకు కడుగుతారా, ఎప్పుడు వాళ్ళకు నీళ్ళుండవా అని కాచుకుని కూర్చునేది. "దేవుడు అందరికీ ఇచ్చేసేడు, నన్ను పనిలేనిదాన్ని చేసేసేడు," అని విసుక్కునేది. మంచాన పడ్డాక బిందె అటకెక్కింది.

ఆ శనివారం నిండిన బిందెను ఎత్తుకుని నేను కూడా వాకిట్లోకి వెళ్ళాను. అరవై దాటిన మగవాడు ఇత్తడి బిందెతో వీధిలో నిలబడితే బాగుండదు. పక్కింటి కుర్రాడు స్కూటర్ తుడుస్తున్నాడు. "నీళ్ళు కావాలా బాబూ?" అన్నాను. "నహీ అంకుల్, ట్యాంక్ ఫుల్ హై. మోటార్ ఖరాబ్ హో గయా క్యా మీది?" అని కంగారుగా లేచాడు. మోటారు బాగు చేస్తానని పానా కూడా తీశాడు. అతన్ని ఆపేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఇంట్లోకి వచ్చి బిందె దింపాను. మళ్ళీ ఎత్తాను. కాగితం తీసి చూశాను. ఒక్క వాక్యమూ నిలవలేదు. మధ్యాహ్నం దాటాక, బిందెలోంచి ఒక డబ్బా నింపుకుని చాతం వెళ్ళే బస్సెక్కాను. "కూడిక ఆరింటికి," అంది నా భార్య. ఎక్కడికని అడగలేదు.

చాతం నుంచి బాంబూఫ్లాట్ వెళ్ళే ఫెర్రీ ఆలస్యంగా కదిలింది. డబ్బాను కాళ్ళ మధ్య పెట్టుకుని నిలబడ్డాను. అవతలి నుంచి నీళ్ళు తెచ్చుకునేవాళ్ళను చూశారేమోగాని, అవతలికి నీళ్ళు పట్టుకెళ్ళేవాణ్ణి ఎవరూ చూసినట్టు లేదు. డబ్బాలో ఏమిటని ఒకాయన అడిగాడు. నీళ్ళన్నాను. తీర్థమా అన్నాడు. కొళాయి నీళ్ళన్నాను. కొంచెం జరిగి నిలబడ్డాడు.

కింది ఇంటావిడ కూతురింటి అరుగు మీద కూర్చుని ఉంది. చూపు తగ్గింది, గొంతు తగ్గలేదు. అత్త పోయిన కబురు ఫోనులో చెప్పాను, మోకాళ్ళ నొప్పులతో రాలేకపోయింది. డబ్బా ముందు పెట్టి, "కొళాయి వచ్చింది పెద్దమ్మా," అన్నాను. చేత్తో తడిమి చూసింది.

"ఇదేమిటి, డబ్బానా? మీ అత్త బిందె పోసేది."

"ఫెర్రీలో బిందెతో ఎలా వస్తాను?"

"అదైతే వచ్చేది," అంది. లోపలికి కేకేసి చెంబు తెప్పించుకుంది. చెంబెడు వంచుకుని గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళింది. దేవుడి గూటి దగ్గర పెట్టి వచ్చింది. "నీతో చెబితే తప్పేముంది ఇప్పుడు. మొదటి చెంబు ఎప్పుడూ అమ్మవారికే పెట్టేదాన్ని. దానికి తెలిస్తే పొయ్యడం మానేస్తుందని చెప్పలేదు."

కుంకుమ బొట్టు సంగతి చెప్పాను. ముందు నమ్మలేదు. తరువాత నవ్వింది, నవ్వి నవ్వి దగ్గింది. "తెలుసన్నమాట దానికి! తెలిసే పోసిందన్నమాట! అయినా ఒక్కనాడూ మంచిగా మాట్లాడిందా నాతో?" అంటూ చీర చెంగుతో కళ్ళొత్తుకుంది.

ఇంక బయలుదేరతానన్నాను. ఆమె డబ్బా ఇవ్వలేదు. మిగిలిన నీళ్ళను గిన్నెలో పోయించి, చింతపండు అడిగి, అరుగు చివర కూర్చుని డబ్బాను తోమడం మొదలుపెట్టింది. "పెద్దమ్మా, అది ప్లాస్టిక్," అన్నాను. "మురికి గిన్నె తిరిగివ్వడం నాకు అలవాటు లేదు," అంది. నేను గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. ప్లాస్టిక్ డబ్బా ఎంత తోమినా మెరవదు. ఆమెకు అది కనబడదు. వేళ్ళతో తడుముతూ, మూత సందులు కూడా తోమింది. ఫెర్రీ కూత వినిపించింది. అది నేనెక్కవలసిన ఫెర్రీ.

తరువాతి దానిలో వచ్చి, ఆటో పట్టుకుని ఇల్లు చేరేసరికి పాటలు అయిపోయాయి. కుర్చీలు వాకిటి దాకా వేశారు. పాస్టర్ గారు నా వైపు చూసి తల ఊపారు. జేబులో కాగితం ఉంది, తీయలేదు. చేతికింకా చింతపండు వాసన ఉంది. అందరూ నా వైపు చూస్తున్నారు. లోపల ఏమైనా ఉందేమోనని వెతుక్కున్నాను. అక్కడ అత్త లేకపోవడం తప్ప వేరే ఏమీ దొరకలేదు.

"దేవునికి స్తోత్రం," అన్నాను. కూర్చున్నాను.

ఏడుపు ఆగాక మిగతాది నేను చెబుతాననుకుని పాస్టర్ గారు కాసేపు ఎదురుచూశారు. నేను ఏడవలేదు, లేవనూ లేదు. వెనక వరుసలో ఒక ముసలావిడ మాత్రం, "అచ్చం ఆమె లాగే," అంది పక్కావిడతో. తరువాత టీ ఇచ్చారు.

మళ్ళీ కొళాయి వచ్చినప్పుడు మోటారు దానంతట అదే తిరుగుతుంది. ఇన్నేళ్ళలో కాలం మా వీధిలో ప్రతి ఇంటికీ నీళ్ళు తెచ్చి పెట్టింది. తొలి బిందెను ఇప్పుడు ఇక్కడ పుచ్చుకునేవాళ్ళెవరూ లేరు.